పళ్లెం తన్నినవాడి అక్క

ముందు ఈల వినిపిస్తుంది.

మదనపల్లె బస్టాండులో తెల్లారే వేళకు మంచు ఇంకా నేలమీదే పడుకుని ఉంటుంది. బస్సుల ఆకారాలు కనిపిస్తాయి గాని రంగులు కనిపించవు. రోడ్డు మీద టమోటా లారీలు నిద్రలో నడిచే జంతువుల్లా పోతుంటాయి. ఆ బూడిదరంగులోంచి ఒక ఈల లేస్తుంది. సన్నగా మొదలై, నడుమ ఎక్కడో వాగు మలుపులా వంగి, మళ్లీ లేచి, తెగిపోకుండా కరిగిపోతుంది. అది విని కుప్పం బస్సు ఒళ్లు విరుచుకుంటుంది. ఆ తరువాతే మనిషి కనిపిస్తుంది. చీర మీద ఖాకీ కోటు, భుజాన సంచి, చేతిలో టికెట్ల మిషను. నాలుక కింది నుంచి తీసిన రెండు వేళ్లను కోటు అంచుకు తుడుచుకుంటూ ఫుట్‌బోర్డు ఎక్కుతుంది. ఆమె పేరు ఇంద్రాణి. ఆ బస్సుకు కండక్టరు.

కుప్పంలో నాకు వారానికొక రోజు పని. పోయేది ఆమె బస్సులోనే. అలవాటైన కొన్నాళ్లకు అడిగాను, ఆ ఈల ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని.

"టీవీలో కుస్తీ సూసి సార్."

"కుస్తీ పట్టేవాళ్లు ఈల వెయ్యరు కదా."

"వాళ్లు యాల వేస్తారు? సూసేటోళ్లు వేస్తారు. నేను వాళ్లను గూడా సూస్తా ఉంటిని."

ఆమెది పెద్దపంజాణి దగ్గర ఒక చిన్న పల్లె. నాన్న కూలికి పోయేవాడు. అమ్మ తమ్ముణ్ణి కని కన్నుమూసింది. ఆ తమ్ముడు మునిచంద్ర ఇంద్రాణి చంకలో పెరిగాడు. ఊర్లో ఒకరి అరుగు మీద సాయంత్రాలు టీవీ పెట్టేవారు. అందులో కుస్తీ వచ్చేది, ఇంగ్లీషులో. ఎవరికీ ఒక్క మాట అర్థమయ్యేది కాదు. అరుగు కింద కూర్చున్న ముసలివాళ్లు, మేకల వెనక నుంచి అప్పుడే వచ్చినవాళ్లు, వీళ్లు యాల కొట్టుకుంటాండారు అని అడిగేవారు. తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని ఇంద్రాణి చెప్పేది. ఆ పొడుగాయన మేకలు ఈ బోడిగుండాయన చేలో పడినాయంట. ఆ జడలాయన చెల్లెల్ని ఈయన సంతలో మాటన్నాడంట. పొలం గట్టు జరిపినాడంట. సముద్రాలకు అవతల ఎక్కడో దీపాల కింద కొట్టుకునే మనుషులకు ఆమె పుంగనూరు పక్క పగలు, రోషాలు ఇచ్చింది. ఊరు వాటిని నమ్మింది. ఆడవాళ్లు చెడ్డవాడిని శపించి, లేచి పోయి పొయ్యి వెలిగించేవారు.

ఒక సాయంత్రం ఆమె కంటికి ఒకటి చిక్కింది. చెయ్యి తగలకముందే దెబ్బ తినేవాడి ఒళ్లు కదలడం మొదలుపెట్టింది. మరునాడూ అంతే. పడేవాడు తనంతట తానే పడుతున్నాడు.

"మనసు విరిగిందా?" అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది. "భారతంలో దుర్యోధనుడు సచ్చిపోతాడు. సచ్చినోడు లేసి పోయి గుడి ఎనక టీ తాగతా ఉంటాడు. అది మాకు తెలీదా? అట్లని ఏడ్సకుండా ఉంటామా?"

ఆ ప్రాంతంలో వేసవిలో భారతం ఆడతారు. చివరి రోజు నేల మీద పొలమంత దుర్యోధనుణ్ణి మట్టితో పడుకోబెట్టి రంగులు పూస్తారు. వేషం కట్టిన భీముడు తొడ మీద గదతో కొట్టాక ఊరి ఆడవాళ్లు చీపుర్లు తీసుకుని ఆ మట్టి మనిషిని బాదుతారు, దుమ్మెత్తి పోస్తారు. ఆ పల్లెలో మొదటి చీపురు దెబ్బ ఎప్పుడూ పాపక్కది. అమ్మ లేని మునిచంద్రకు ఒకప్పుడు తన బిడ్డతో పాటు పాలిచ్చిన మనిషి ఆమే.

ఇంద్రాణి కుస్తీని అలా చూడటం నేర్చుకుంది. వేషమని తెలిసి, తెలిసినందుకే ఇంకా దగ్గరగా. బస్సు తోపుల మధ్య పోతున్నప్పుడు టికెట్లు కొట్టడం ఆపి, కడ్డీకి ఆనుకుని చెప్పేది. "కొట్టేవాణ్ణి సూడొద్దు సార్, పడేవాణ్ణి సూడు. పడేవాడు బాగా పడితేనే కొట్టినోడు మొగోడు. గెలిచేది ఎవురో ముందే మాట్లాడుకోనుంటారు. పడేది మాత్రం ఎవురికి వాళ్లే పడల్ల." ఆమె గొంతులో ఆ మాట వింటుంటే కిటికీ బయట మామిడికొమ్మలు కూడా ఎవరినో మెల్లగా నేలకు దించుతున్నట్టు కనిపించేవి.

ఆమె ఒక్కతే కాదు. ఆ బస్సులో కుస్తీ తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో పెద్ద గొంతు గంగప్పది. మదనపల్లె మార్కెట్టులో హమాలీ. రాత్రంతా టమోటా పెట్టెలు దించి, తెల్లారి పుంగనూరు ఇంటికి పోయేవాడు. ఎక్కగానే బస్సంతా పచ్చి టమోటా వాసన. కళ్లలో నిద్ర, నోట్లో వాదన.

"నిన్న సూసినావా అక్కా? ఆ మంచోడి వేషమోడు ఏం పడతాడు? మూట దించినట్ల పడతాడు. చెడ్డోడు సూడు, ఆకు రాలినట్ల."

"మూటలు దించేటోడివి, నీకు అన్నీ మూటల్లాగే కనబడతాయి."

"మేం తెలిసినోళ్లం అక్కా. మాకు మంచోడు వద్దు, పనోడు కావల్ల. అందుకే మేం చెడ్డోడికే ఈల."

తెలిసిన అభిమానుల గుర్తు అదే. తెలియనివాడు మంచివాడికి చప్పట్లు కొడతాడు. తెలిసినవాడు చెడ్డవాడి పనితనానికి కొడతాడు. ఇంద్రాణి కూడా చాలాకాలం అలాగే వేసింది ఈల.

మునిచంద్ర పెద్దవాడై బెంగళూరు పోయి ఒక కుస్తీ బృందంలో చేరాడు. ఊరూరికీ లారీలో ఇనుప స్తంభాలు, పలకలు, తాళ్లు తీసుకుపోయి రింగు కట్టి ఆడే బృందం. చిన్నప్పుడు గడ్డివామి మీది నుంచి దూకించి, ఎలా పడాలో టీవీ చూసి అక్కే నేర్పింది. గెడ్డం రొమ్ముకు ఆనించుకో, చేతులు పరుచు, ఊపిరి వదిలెయ్. ఇప్పుడు వాడికి అక్కడ చెడ్డవాడి వేషం. పేరు పాళెగాడు. మోకాళ్ల పైదాకా బిగుతైన నల్ల చల్లాడం, మెలితిప్పిన మీసం, చేతిలో కొరడా.

ఒక ఉదయం ఆమె ఈల వెయ్యలేదు. కోటు గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. తల ఎత్తకుండా టికెట్లు కొట్టింది. గంగప్ప ఉండబట్టలేక అడిగాడు.

"ఏమైంది అక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"మునిగాణ్ణి తీసేసేటట్లుండారు."

"యాల? వాడంత పనోడు ఉండాడా ఆడ?"

"అదే వచ్చిన తంటా. యాడికి పోయినా నీ మాదిరి తెలిసినోళ్లే. వాడు వస్తానే ఈలలు, చప్పట్లు. చెడ్డోడికి చప్పట్లు కొడితే మంచోడు ఏం కావల్ల? ఆ మంచోడి వేషం పిల్లోడు గెలిస్తే అందరూ గమ్ముగా ఇంటికి పోతాండారంట. యజమాని చెప్పేసినాడు. పుంగనూరులో ఆట పెడతాండాను, నీ ఊరోళ్ల చేత అయినా తిట్టించుకో, లేదంటే లారీలో పలకలు మోసుకో అని. వాడు పలకలు మోసేదానికి పోయినాడా? సిన్నప్పట్నుంచీ వాడికి అది తప్ప ఇంకోటి రాదప్పా."

గంగప్ప రొమ్ము చరుచుకున్నాడు. "ఇంతేనా. మేం వస్తాం, తిడతాం. నా నోరు సంగతి నీకు తెలుసు కదా."

"తిడితే నవ్వొద్దు."

"నవ్వను."

"నవ్వుతా తిడితే అది చప్పట్ల కన్నా చెడ్డది."

"నవ్వను అంటాండా కదక్కా," అన్నాడు గంగప్ప, నవ్వుతూ.

పుంగనూరులో దిగబోతూ మెట్టు మీద ఆగాడు. "ఒకటి మాత్రం కాదనొద్దు. మన పిల్లోడు మన ఊరికి వస్తాండాడు. ఆరతి ఇయ్యకుండా ఆటకు దింపితే దిష్టి తగల్తాది. నువ్వే ఇయ్యల్ల."

ఆమె ఏదో అనబోయింది. బస్సు అప్పటికే కదిలింది.

ఆట సంత మైదానంలో, సాయంత్రం. నేనూ పోయాను. వాన కురవని మబ్బు కింద పుంగనూరు పసుపు వెలుగులో నానుతూ ఉంది. మైదానం నడుమ రింగు, నాలుగు స్తంభాలు, మూడు వరసల తాళ్లు, పైన కాన్వాసు గుడ్డ. ఎవరైనా పడితే కింద పలకలు తప్పెటలా మోగుతున్నాయి. ఆ మోత గుండె దాకా వచ్చి, మనది కాని నొప్పిలా కాసేపు ఉండి పోతోంది.

రింగు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. గంగప్ప వాళ్లు కట్టారు. అందులో మునిచంద్ర మీసం మెలేసి నిలబడి ఉన్నాడు. కింద 'మా ఊరి సింహం'. తిట్టడానికి వచ్చినవాళ్లు ఫ్లెక్సీ కట్టకుండా ఉండలేకపోయారు. పాల ప్యాకెట్లు చించి బొమ్మ మీద పోస్తుంటే ఇంద్రాణి పరుగున పోయింది.

"ఇదేంది గంగప్పా? తిడతానంటివి కదా."

"తిడతాం అక్కా. ముందు పాలు పోసి తర్వాత తిడతాం. పాలు పొయ్యకుండా ఎట్ల?"

ముందు ఎర్రటి బనియన్ వేసుకున్న మంచివాడు వచ్చాడు. బెంగళూరు కుర్రాడు, లేత ముఖం. చేతులెత్తి దండం పెట్టాడు. ఎవరూ పలకలేదు. వెనక నుంచి ఒక గొంతు, "ఎవురప్పా నువ్వు, మా మునిగాణ్ణి కొట్టేదానికి వచ్చినావా?" ఆ కుర్రాడు అలాగే నవ్వుతూ నిలబడ్డాడు, పెళ్లింట్లో ఎవరికీ తెలియని చుట్టంలా.

తరువాత పాళెగాడు వచ్చాడు. మైదానం పొంగింది. కొరడా ఝళిపిస్తే ఈలలు. మీసం తిప్పితే, "మీసం బాగుండాది రా మునీ." నేల మీద ఉమ్మితే నవ్వులు. ఇచ్చిన మాట గుర్తొచ్చి గంగప్ప లేచి, "ఒరే దొంగ నా బట్టా, నీ మీసం కాల" అన్నాడు. అని తనే నవ్వాడు. చుట్టూ అందరూ నవ్వారు. పాపక్క ముందు వరసలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "నా బిడ్డ ఎంత లావైనాడమ్మా. రవంత సిక్కినట్లుండాడు గాని," అని పక్కామెకు రెండూ ఒకే ఊపిరిలో చెబుతోంది.

తెర పక్కన యజమాని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రింగు వైపు చూడటం లేదు. జనాన్ని చూస్తున్నాడు. కాసేపటికి లారీ వైపు తిరిగాడు.

"అక్కా, ఆరతి, ఆరతి," గంగప్ప పిలిచాడు.

ఇంద్రాణి ఇత్తడి పళ్లెం పట్టుకుని వచ్చింది. పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లు, తమలపాకు మీద కర్పూరం. ఆ రోజు కోటు లేదు. తెల్లచుక్కల నీలం చీర. జనం దారి వదిలారు. కర్పూరం వెలుగు ఆమె గెడ్డం కింద కదులుతుంటే ఆమె నడవడం లేదని, ఆ దీపమే ఆమెను మెల్లగా మోసుకుపోతోందని అనిపించింది. రింగు మెట్లెక్కి తాళ్ల ఇవతల నిలబడింది. మునిచంద్ర వేషం మరిచిపోయాడు. చిన్నప్పటి అలవాటు, తల వంచాడు. జనం ఈలలు వేశారు.

ఆమె పళ్లెం తిప్పింది. తిప్పుతూ ఆగింది. ఆమె పెదవులు కదిలాయి. దీవిస్తోందనుకున్నాను. వాడు తలెత్తాడు. ఆమె పెదవులు మళ్లీ కదిలాయి.

పాళెగాడు కాలెత్తి పళ్లెం తన్నాడు.

ఇత్తడి గాలిలో తిరిగింది. ఎర్రనీళ్లు ఒక్క క్షణం పైన విచ్చుకుని ఆమె మీద వాలాయి. ఆమె వెనక్కి పడింది. మెట్ల మీది నుంచి, చీర గాలిని నింపుకుని, చేతులు పరుచుకుని, ఎంతో నెమ్మదిగా పడినట్టు నాకిప్పటికీ గుర్తు. నేలను తాకాక కూడా ఆమె ఇంకా పడుతూనే ఉన్నట్టు ఉండింది. దుమ్ములో కర్పూరం ఆరలేదు. ఎక్కడో పళ్లెం గుండ్రంగా తిరిగి తిరిగి నిలిచిపోయింది.

వాడు తాళ్ల మీదుగా వంగి చూశాడు.

"ఎవురు మే నువ్వు?" అన్నాడు.

అంత పెద్ద మైదానంలో ఆ మాట తప్ప ఏమీ లేదు. అమ్మ లేని వాణ్ణి చంకనేసుకుని ఆమె టీవీ అరుగుల చుట్టూ తిరిగిన సంగతి అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. పాపక్క లేచింది. వంగి నేల మీది మన్ను పిడికిట నింపుకుంది.

"నీ కాలు ఇరిగిపోనూ," అంది. గొంతు పెద్దది కాదు. "నీ నోట మన్ను పడ. నిన్ను పెంచిన చెయ్యిరా అది. నా పాలు తాగిన నోటితోనే అంటివి కదరా." మన్ను విసిరింది. అది వాడి రొమ్ముకు తగిలి రాలింది.

ఆ తరువాత మైదానమంతా లేచింది. చెప్పులు, మన్ను, తిట్లు. గంగప్ప ఫ్లెక్సీని రెండు చేతులా పట్టుకుని నడిమికి చించాడు. ఎర్ర బనియన్ కుర్రాడు ఇప్పుడు ఎవరికీ తెలియని చుట్టం కాడు. "కొట్టప్పా, కొట్టు, నీకు పుణ్యముంటాది" అని ముసలివాళ్లు వాడికి దండం పెడుతున్నారు. వాడు కొట్టిన ప్రతి దెబ్బకూ పుంగనూరు ఊపిరి వదిలింది. పాళెగాడు ఆకు రాలినట్టు పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి లేవలేదు. యజమాని లారీ దగ్గర నుంచి వెనక్కి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. కట్టుకున్న చేతులు విడిపోయి ఉన్నాయి.

ఇంద్రాణిని ఆడవాళ్లు చుట్టుముట్టి తీసుకుపోయారు. ఆమె చీర మీద ఎర్రనీళ్లు ఆరుతున్నాయి. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి వారం బస్సంతా ఆమెను ఓదార్చడానికే ఎక్కినట్టుంది. ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే టికెట్టు చింపించుకుంటూ ఒక్కొక్కరూ ఒక్కో మాట.

"అట్లాటి తమ్ముడు ఉంటే ఎంత, లేకుంటే ఎంత తల్లీ."

"బెంగళూరు నీళ్లమ్మా, అవి తాగితే అంతే."

"నువ్వు ఏడ్సొద్దు. వాడికే తగల్తాది."

ఒకామె మల్లెపూలు తెచ్చి కోటు గుండీకి తగిలించింది. ఒకామె చెనక్కాయలు ఒళ్లో పోసింది. ఇంద్రాణి తల వంచుకుని అన్నీ తీసుకుంది. పెద్దపంజాణి పక్క స్టాపులో పాపక్క చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడానికి కాదు, తిట్టడానికి. బస్సు కిటికీ దగ్గరికి వచ్చి, "వాడు ఈ ఊరి పొలిమేర తొక్కితే నేనే చీపురు తిరగేస్తా. నువ్వు గమ్మున ఉండు ఇంద్రాణీ," అంది. ఇంద్రాణి ఆమె చేతిని ఒకసారి పట్టుకుని వదిలేసింది.

గంగప్ప కుస్తీ మాటెత్తడం మానేశాడు. ఒకరోజు నేనే అన్నాను, అది కూడా వేషమేమో కదా అని.

"వేషమైతే నాకు తెలీదా సార్?" అన్నాడు. నొచ్చుకున్నాడు. "పుట్టినప్పట్నుంచీ సూస్తాండాం. యాది వేషమో యాది కాదో ఆ మాత్రం తెలుసు. ఆయమ్మ పడిన పడటం సూసినావా? అది వేషంలో రాదు."

నేనూ అతని మాటే నమ్మాను.

జాతర వచ్చింది, పోయింది. మునిచంద్ర ఊరికి రాలేదు. భారతం ఆడారు, రాలేదు. బెంగళూరులో, కోలారులో, హోసూరులో పాళెగాడి పేరు చెబితే జనం కోపంతో ఊగిపోతున్నారని, పుంగనూరులో ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన ఆ పళ్లెం దెబ్బ అన్ని ఊళ్లకూ పాకిందని బస్సులో చెప్పుకునేవారు. వింటూ ఇంద్రాణి చిల్లర సర్దుకునేది.

కుప్పం చేరేసరికి బస్సు గొంతు మారిపోతుంది. కొండలు వెనక్కి జరుగుతాయి. తెలుగు మాటల్లోకి అరవం, కన్నడం వచ్చి కూర్చుంటాయి. ఎవరు ఎక్కడివారో చెప్పడం కష్టం. అందరూ ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోయేవాళ్లే. ఆ రోజు నా పని తొందరగా అయిపోయింది. తిరుగు బస్సుకు ఇంకా సమయముందని స్టాండు పక్క క్యాంటీన్‌లోకి పోయాను. మూలన కిటికీ దగ్గర, ఆవిరి కప్పిన వెలుగులో, ఖాకీ కోటు కనిపించింది. ఎదురుగా టోపీ కళ్ల దాకా లాక్కున్న మనిషి. ముఖానికి కట్టుకున్న గుడ్డను గెడ్డం కిందికి దించి తింటున్నాడు. స్టీలు డబ్బాలో రాగిసంగటి, పక్కన ఊరిబిండి పచ్చడి.

"ఈడ ఇంకా నొప్పిగా ఉండాదా?" ఆమె వాడి భుజం మీద వేలు పెట్టింది.

"రవంత."

"ఎడమ చెయ్యి ముందర పెడతాండావు. సెల్లులో సూసినా. యాల అట్ల పడతావు? నేను నేర్పింది అదేనా?"

"సుట్టూ వెయ్యి కండ్లు సూస్తాంటే నీ పాఠం గుర్తుంటాదా అక్కా?"

"కొట్టేటోడు మరిసిపోవచ్చు. పడేటోడు మరిసిపోతే నడుము పోతాది. తిను."

వాడు తలెత్తి నన్ను చూశాడు. చెయ్యి ఆగిపోయింది. గుడ్డ పైకి లాక్కుని లేచాడు. ఆమె తిరిగి చూసి, పరవాలేదన్నట్టు కళ్లతోనే వాణ్ణి ఆపింది. కాని రైలు వేళయింది. డబ్బాలో మిగిలిన ముద్దను నిలబడే తినేసి, పోతూ పోతూ వంగి ఆమె పాదాలు తాకాడు, కింద ఏదో పడితే తీసుకున్నట్టు. తరువాత స్టేషను వైపు పోయే జనంలో ఒకడైపోయాడు. పాళెగాడు అంతకన్నా పొడుగ్గా ఉంటాడని అనుకున్నాను.

ఎదుటి కుర్చీ నాకు చూపించింది. కూర్చున్నాను.

"నువ్వే తన్నమన్నావు," అన్నాను.

"రెండుమాట్లు చెప్పినా. మొదట ఇనలేదు. 'తన్నురా' అంటే నా మొగం సూస్తా ఉండాడు, సన్నపిల్లోడు మాదిరి. యజమాని లారీ పక్క పోతాండాడు. 'తన్నకుంటే నేను నీ అక్కను కాను' అన్నాను. అప్పుడు తన్నినాడు. కాలు పళ్లెం అంచుకే తగిలింది సార్. నాకు తగల్లేదు."

"మరి పడ్డావు."

"నేను పడకపోతే వాడు చెడ్డోడు ఎట్లయితాడు?"

అప్పుడు గుర్తొచ్చింది. పడుతున్నప్పుడు ఆమె గెడ్డం రొమ్ముకు ఆని ఉంది. గడ్డివామి మీది నుంచి తమ్ముడికి నేర్పిన పాఠం. చూపు తీయకుండా చూసి కూడా నేను చూడలేదు.

"'ఎవురు నువ్వు' అనమని కూడా నువ్వే చెప్పావా?"

ఆమె డబ్బా మూత పెట్టింది. ఒత్తి పెట్టింది. కిటికీ అవతల ఒక రైలు నెమ్మదిగా కదులుతోంది. దాని కిటికీల మీద పడిన ఎండ మెరుపులు ఆమె ముఖం మీద ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి.

"లేదు. అది వాడి సొంతం." డబ్బా సంచిలో వేసుకుంది. "ఆ మాట తగిలింది సార్. నిజంగా తగిలింది. కింద పడుకోనే అనుకున్నా, వీడికి ఇంక నేను నేర్పేది లేదని."

"ఊళ్లో ఒక్కరికైనా చెప్పొచ్చు కదా. పాపక్కకైనా."

"పాపక్కకు చెప్తే తిట్టేది మానేస్తాది. ఆయమ్మ నవ్వితే ఊరు నవ్వుతాది. ఊరు నవ్వితే పుంగనూరు, పుంగనూరు నవ్వితే బెంగళూరు. మళ్లా చప్పట్లు. మళ్లా పలకలు మోసే పని."

"ఎన్నాళ్లు ఇట్లా?"

"వాడి నడుము ఉన్నన్ని దినాలు." నవ్వింది. "ఇంటికి రాలేడు. పండగకు రాలేడు. పెండ్లి చేస్తామన్నా పిల్లను ఎవురిస్తారు ఆ నా బట్టకు? ఈ పక్క ఊర్లలో యాడా మొగం సూపించలేడు. కుప్పంలో రవంత సేపు నా తమ్ముడు. చాల్లే సార్. రింగులో వాణ్ణి తిట్టేటోళ్లందరూ నా తావ టికెట్టు తీసుకోనే పోతారు. వాళ్లు తిట్టే కొద్దీ, వాడు ఈ దినం బాగా చేసినాడని నాకు తెలుస్తాది."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె లేచింది. సంచి భుజాన వేసుకుంది. స్టాండులో ఎండ వాలుతోంది. బస్సు కిటికీలన్నీ బంగారు రేకులు అంటించినట్టు మెరుస్తున్నాయి. మెట్టు దగ్గర అడిగాను, నీ గురించి రాయనా అమ్మా అని. రాస్తే నీ వాళ్లకు తెలిసిపోతుందేమో అని కూడా అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కుప్పం నేల మీద.

"రాయి సార్. కండ్లారా సూసినోళ్లు కాగితాన్ని నమ్మరు. నన్ను ఎట్లయినా రాసుకో. వాడు మంచోడని మాత్రం రాయొద్దు."